ధర్మసంకటం - పదార్థమూ ప్రయోగచరిత్రా

తెలుగువారి నిత్యవ్యవహారంలో మిక్కిలిగా నలిగిన సంస్కృత సమాసాలలో 'ధర్మసంకటం' ఒకటి. ఒకే ముహూర్తానికి ఇద్దరు బంధువుల ఇళ్ళలో శుభకార్యాలు వచ్చినా, మిత్రుడు అప్పు అడిగినా, పై అధికారి ఒక మాటా మనస్సాక్షి మరొక మాటా చెప్పినా 'ధర్మసంకటంలో పడ్డాను' అనడం మనకు అలవాటు. పదం ఇంత విస్తృతంగా వాడుకలో ఉండడం సంతోషకరమే. అయితే పదం వ్యాపించిన కొద్దీ అర్థం పలుచబడుతుంది. ఇబ్బంది కలిగించే ప్రతి సందర్భమూ ధర్మసంకటం కాదు. మన పూర్వులు ఈ మాటను దేనికి వాడారో, ఈ మాట ఏర్పడక ముందు ఆ స్థితిని ఏమని పిలిచారో, ఆ స్థితి నుండి బయటపడిన మహాత్ములు ఏ మార్గాన బయటపడ్డారో పరిశీలించడం సాధకునికి కేవలం భాషావిషయం కాదు. అది ఆత్మపరీక్షకు సాధనం.

పదవ్యుత్పత్తి

ముందుగా 'సంకట' శబ్దాన్ని చూద్దాం. పాణిని మహర్షి అష్టాధ్యాయిలో 5వ అధ్యాయం 2వ పాదంలోని 29వ సూత్రం సం, ప్ర, ఉత్, వి అనే ఉపసర్గలకు 'కటచ్' అనే ప్రత్యయాన్ని విధిస్తున్నది. తత్ఫలితంగా సంకట, ప్రకట, ఉత్కట, వికట శబ్దాలు సిద్ధిస్తాయి. ఈ నాలుగూ తెలుగువారికి చిరపరిచితాలే. బయటికి తేటతెల్లంగా కనబడేది ప్రకటం, మితిమీరి పెచ్చరిల్లినది ఉత్కటం, వంకరపోయినది వికటం. అన్ని వైపుల నుండీ దగ్గరగా ఒత్తుకొని వచ్చినది సంకటం. అమరకోశం దీనికి 'సంబాధ' శబ్దాన్ని పర్యాయంగా ఇస్తున్నది. అనగా ఇరుకు, క్రిక్కిరిసిన చోటు అని తాత్పర్యం.

కాబట్టి సంకటానికి మొదటి అర్థం బాధ కాదు, ఇరుకు. ఇరుకు వలన కలిగే బాధ రెండవ అర్థం. తెలుగులో సంకటం అంటే రోగమనీ యాతన అనీ వాడుక ఏర్పడింది. సంకటహర చతుర్థి వ్రతంలో మనం గణపతిని ప్రార్థించేది ఈ రెండవ అర్థంలోని సంకటాన్ని హరించమనే. కానీ ధర్మసంకటంలో మొదటి అర్థమే ప్రధానం. రెండు ధర్మాలు రెండు వైపుల నుండి ఒత్తుకొని వచ్చి, నడుమ మనిషి నిలువ చోటు లేని ఇరుకే ధర్మసంకటం. దీనినే మన పల్లెభాష 'అడకత్తెరలో పోకచెక్క' అన్నది. సంస్కృతంలో 'ఉభయతఃపాశరజ్జు' న్యాయమున్నది. రెండు కొసలలోనూ ఉచ్చు ఉన్న త్రాడు అని దాని అర్థం. అయితే ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. ఇరుకు అంటే గోడ కాదు. ఇరుకైన చోట దారి ఉంటుంది, కానీ అది సన్ననిది. మోసుకొని వచ్చిన మూటలతో దాని గుండా వెళ్ళడం సాధ్యం కాదు.

పదానికి పూర్వం భావం

సమాసం తరువాతిదైనా భావం వేదకాలం నాటిదే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు విద్య ముగించుకొని వెళుతున్న శిష్యునికి చేసిన ఉపదేశం సుప్రసిద్ధం. సత్యం పలకమనీ, ధర్మం ఆచరించమనీ, తల్లిని తండ్రిని ఆచార్యుని అతిథిని దైవంగా భావించమనీ చెప్పిన తరువాత ఆ గురువు అంతటితో ఆగలేదు. కర్మ విషయంలో గాని, నడవడి విషయంలో గాని సందేహం కలిగితే ఏమి చేయాలో కూడా చెప్పాడు. ఆ సందేహానికి ఉపనిషత్తు వాడిన పదం 'విచికిత్స'. అట్టి సందర్భంలో విచారశీలురు, కర్మనిష్ఠులు, క్రూరత్వం లేనివారు, ధర్మకాములు అయిన పెద్దలు ఎట్లా ప్రవర్తిస్తారో చూచి అట్లే ప్రవర్తించమని ఆజ్ఞ. పెద్దలకు పాండిత్యంతో పాటు రూక్షత్వం లేకపోవడాన్ని లక్షణంగా చెప్పడం గమనింపదగినది. కఠినహృదయుడు శాస్త్రం తెలిసినవాడైనా సంకటంలో దారి చూపజాలడని శ్రుతిహృదయం.

ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ ఇదే భావానికి దృష్టాంతం. కురుదేశం పంటలు నశించి కరవున పడినప్పుడు ఉషస్తి తన భార్యతో ఒక గ్రామం చేరి, నాసిరకపు మినుములు తింటున్న మావటివానిని యాచించాడు. తాను తింటున్నవి తప్ప వేరే లేవని అతడంటే ఆ ఎంగిలి మినుములనే స్వీకరించాడు. తరువాత మావటి నీరు ఇవ్వబోతే ఎంగిలి అని నిరాకరించాడు. మినుములు మాత్రం ఎంగిలి కావా అని మావటి అడిగితే, అవి తినకుంటే తాను బ్రతికేవాడిని కాననీ, నీరు మాత్రం కావలసిన చోట దొరుకుతుందనీ ఉషస్తి సమాధానం. బ్రహ్మసూత్రాలలో సాధనాధ్యాయం నాలుగవ పాదం ప్రాణాపాయంలో మాత్రమే సర్వాన్నానుమతి అని నిర్ణయించింది ఈ కథను ఆధారం చేసుకొనే. మినహాయింపు ఎక్కడ మొదలవుతుందో తెలిసినవారు లోకంలో అనేకులు. అది ఎక్కడ ముగుస్తుందో తెలిసినవాడు ఉషస్తి.

మీమాంసకుల దృష్టి

వేదవాక్యాలే పరస్పరం విరుద్ధంగా తోచినప్పుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్నతో తరతరాలు శ్రమించినవారు పూర్వమీమాంసకులు. అతిరాత్ర యాగంలో షోడశి అనే సోమపాత్రను గ్రహించమని ఒక వాక్యం, గ్రహించవద్దని మరొక వాక్యం. రెండింటికీ సమాన బలం ఉన్నది కనుక అక్కడ వికల్పం, అనగా యజమాని ఏదైనా చేయవచ్చును. మనుస్మృతి రెండవ అధ్యాయం సైతం రెండు శ్రుతులు విభేదించిన చోట రెండూ ధర్మమేనని చెప్పి, సూర్యోదయం తరువాతి హోమాన్నీ ఉదయానికి ముందరి హోమాన్నీ ఉదాహరిస్తున్నది.

అయితే మీమాంసకులు వికల్పాన్ని సులభంగా అంగీకరించలేదు. దానివలన ఎనిమిది దోషాలు కలుగుతాయని లెక్కించారు. కాబట్టి ముందు విరోధం నిజమైనదా, తోచినది మాత్రమేనా అని పరీక్షించాలి. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతియే ప్రమాణమని జైమిని నిర్ణయం. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అనే ఆరింటిలో వెనుకటిదాని కంటే ముందటిది బలవత్తరమని ఆయన మూడవ అధ్యాయంలో బలాబలక్రమాన్ని ఏర్పరచాడు. ఈ పరీక్షలన్నీ జరిగిన తరువాత కూడా రెండు వైపులూ సమబలంతో నిలిస్తేనే అది నిజమైన సంకటం.

ధర్మశాస్త్రకారులు ఈ దృష్టినే లోకవ్యవహారానికి అన్వయించారు. రెండు స్మృతులు విరోధించినప్పుడు వ్యవహారాన్ని అనుసరించిన న్యాయమే బలవత్తరమని యాజ్ఞవల్క్యుడు. శాస్త్రంలో స్పష్టంగా చెప్పని విషయాలకు పండితపరిషత్తు నిర్ణయమే శరణ్యమని మనువు. ధర్మమూలాలలో చివరగా చెప్పిన 'ఆత్మతుష్టి'ని పట్టుకొని 'నా మనసుకు ఏది తోస్తే అదే ధర్మం' అని వాదించేవారు నేడు కూడా కనబడతారు. వారికి మితాక్షరాకారుడైన విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యానం చక్కని సమాధానం. శాస్త్రమే రెండు మార్గాలను అనుమతించిన చోట, ఏది ఎన్నుకోవాలన్న విషయంలో మాత్రమే మనస్సుకు అధికారమని ఆయన నిర్ణయించాడు. గర్భం నుండి లెక్కించి ఎనిమిదవ ఏటనా, జన్మ నుండి లెక్కించి ఎనిమిదవ ఏటనా ఉపనయనం అన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. శాస్త్రం గీచిన గీటు లోపలే ఆత్మతుష్టికి స్వేచ్ఛ.

భాగవతంలో పదప్రయోగం

ఇక 'ధర్మసంకటం' అనే సమాసం సాక్షాత్తుగా కనబడే సుప్రసిద్ధ స్థలానికి వద్దాం. అది శ్రీమద్భాగవతం నవమస్కంధం నాలుగవ అధ్యాయంలోని అంబరీషోపాఖ్యానం. పోతనామాత్యుని లేఖిని వలన ఆ కథ తెలుగు ఇంటింటికీ తెలిసినదే. అయినా సంకటం దృష్ట్యా మరొకమారు స్మరించుకుందాం.

అంబరీష మహారాజు భార్యాసమేతుడై సంవత్సరకాలం ద్వాదశీవ్రతం ఆచరించాడు. వ్రతాంతంలో కార్తికమాసాన మూడు రాత్రులు ఉపవసించి, కాళిందిలో స్నానమాడి, మధువనంలో శ్రీహరిని అర్చించి, గోదానాలు, అన్నదానాలు చేసి పారణకు సిద్ధపడుతుండగా దుర్వాసమహర్షి అతిథిగా విచ్చేశాడు. రాజు భోజనానికి ఆహ్వానించాడు. మహర్షి అంగీకరించి, నిత్యకృత్యాలకై యమునకు వెళ్ళి, ఆ జలాలలో ధ్యానమగ్నుడయ్యాడు. ఇక్కడ ద్వాదశి గడచిపోతున్నది. మిగిలినది అర్ధముహూర్తం. ముహూర్తం అంటే రెండు ఘడియలు, కనుక మిగిలినది ఒక్క ఘడియ, నేటి లెక్కలో 24 నిమిషాలు. ద్వాదశి ఉండగా పారణ చేయకుంటే వ్రతం వికలమవుతుంది. పిలిచిన అతిథి భుజించక ముందే తాను భుజిస్తే అతిథిని అవమానించినట్లవుతుంది. ఈ స్థితినే వ్యాసభగవానుడు ధర్మసంకటం అన్నాడు.

ఈ సన్నివేశంలో రెండు వైపులా ఉన్నవి ధర్మాలే అని గుర్తించాలి. ఒకవైపు ధర్మమూ మరొకవైపు ఆకలీ కావు. మూడు రాత్రులు ఉపవసించిన రాజు ఆకలిని గూర్చి కథలో ఒక్క మాటైనా లేదు. ఇదే ఈ పదానికి ప్రామాణికమైన అర్థం. ధర్మానికీ కోరికకూ మధ్య పెనుగులాట ప్రలోభం. ధర్మానికీ భయానికీ మధ్య పెనుగులాట దౌర్బల్యం. ధర్మానికీ ధర్మానికీ మధ్య పెనుగులాట మాత్రమే ధర్మసంకటం.

రాజు ఏమి చేశాడు? ఒంటరిగా నిర్ణయించలేదు. ఆ కొద్దిసేపటిలోనే అక్కడ ఉన్న విప్రులతో ఆలోచించాడు. శిక్షావల్లిలోని ఆదేశానికి ఇది ఆచరణరూపం. జలం మాత్రం స్వీకరిస్తే అది తిన్నట్లూ అవుతుంది, తిననట్లూ అవుతుందన్నది పెద్దల మాట. ఈ భావానికి కృష్ణయజుర్వేద తైత్తిరీయసంహితలోనే మూలమున్నది. రాజు శ్రీహరిని మనసులో నిలుపుకొని జలపారణ చేసి, మహర్షి రాకకు ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

సమాధానాల స్వరూపం

ఈ నిర్ణయాన్ని చూసి 'ఇది ఉపాయం మాత్రమే కదా' అని కొందరికి తోచవచ్చు. ఆ సందేహానికి సమాధానం మరికొన్ని ఆర్షకథలను దీని ప్రక్కన ఉంచి చూస్తే దొరుకుతుంది.

కర్ణపర్వంలో కర్ణుని బాణాలకు నొచ్చి శిబిరం చేరిన ధర్మరాజు, కర్ణవధ ఇంకా జరగలేదని తెలిసి అర్జునుని నిందిస్తూ గాండీవాన్ని మరొకరికి ఇమ్మన్నాడు. ఆ మాట అన్నవానిని వధిస్తానని అర్జునునికి వ్రతం. ఒకవైపు ప్రతిజ్ఞాపాలనం, మరొకవైపు పితృసమానుడైన అన్నగారి ప్రాణం. కత్తి దూసిన అర్జునునితో శ్రీకృష్ణుడు, పెద్దలను సేవించి ధర్మసూక్ష్మం తెలుసుకోలేదని మందలించి రెండు కథలు చెప్పాడు. అంధమృగాన్ని చంపి స్వర్గం పొందిన బలాకుడనే వ్యాధుని కథ ఒకటి. సత్యవ్రతం పేరిట, దాగినవారి జాడను దొంగలకు చెప్పి నరకం పొందిన కౌశికుని కథ మరొకటి. ఆపైన, గురుజనాన్ని 'నువ్వు' అని ఏకవచనంతో సంబోధించడమే వధతో సమానమని మార్గం చూపాడు. అట్లు అన్నగారిని తూలనాడిన అర్జునుడు పశ్చాత్తాపంతో తనపైనే కత్తి దూయగా, ఆత్మప్రశంసయే ఆత్మహత్యతో సమానమని రెండవమారు కాపాడాడు.

భాగవతం ప్రథమస్కంధంలో బందీగా తెచ్చిన అశ్వత్థామ విషయం చూడండి. పుత్రశోకంతో కుములుతూ కూడా ద్రౌపది గురుపుత్రుని విడువమన్నది. వధించమన్నాడు భీముడు. బ్రాహ్మణబంధువు వధ్యుడు కాదనీ, ఆతతాయి వధ్యుడేననీ రెండూ తన శాసనాలేననీ శ్రీకృష్ణుడు అన్నాడు. అర్జునుడు ఆ స్వామి హృదయం గ్రహించి శిరోమణిని కేశాలతో సహా ఛేదించి అశ్వత్థామను వెడలగొట్టించాడు. శిరోముండనం, ధనహరణం, స్థానభ్రంశం అట్టివానికి వధతో సమానమని అక్కడి నిర్ణయం.

శ్రీమద్రామాయణం ఉత్తరకాండలో మళ్ళీ దుర్వాసుడే. కాలపురుషుడు శ్రీరామునితో ఏకాంతంగా మాట్లాడుతున్న వేళ లోనికి వచ్చినవారు వధ్యులని నియమం. ద్వారం వద్ద లక్ష్మణస్వామి. తక్షణం రాముని చూడకుంటే రాజ్యాన్నీ వంశాన్నీ శపిస్తానని దుర్వాసుడు. అందరి వినాశం కంటే తన ఒక్కని మరణమే మేలని లక్ష్మణుడు లోనికి వెళ్ళాడు. సాధువులకు పరిత్యాగమే వధతో సమానమని వసిష్ఠాదుల సన్నిధిలో నిర్ణయించి శ్రీరాముడు తమ్ముని విడిచాడు. లక్ష్మణుడు సరయూతీరాన ప్రాణాలు నిరోధించాడు.

ఈ నాలుగు కథలకూ ఒకే స్వరూపం ఉన్నది. జలపానం భోజనంతో సమానం, ఏకవచనం వధతో సమానం, ముండనం వధతో సమానం, పరిత్యాగం వధతో సమానం. రెండు ధర్మాలలో ఒకదానిని త్రోసిపుచ్చి రెండవదానిని గెలిపించడం ఎక్కడా జరగలేదు. రెండింటినీ నిలిపే మూడవ మార్గాన్ని పెద్దల తోడుతో, శాస్త్రసమ్మతమైన సమానత్వంతో కనుగొన్నారు. సంకటంలోని సన్నని దారి ఇదే.

ఉపాయానికీ కపటానికీ భేదం

మరి కురుక్షేత్రంలో ధర్మరాజు ద్రోణాచార్యునితో పలికిన మాట కూడా ఇట్టిదే కదా అని ప్రశ్న రావచ్చు. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చినది నిజమే. అక్షరాల మేరకు సత్యం నిలిచినట్లే కనిపించింది. కానీ అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలను తాకిందని ద్రోణపర్వం. ఆ కపటానికి ఫలంగానే క్షణకాలం నరకదర్శనం కలిగిందని స్వర్గారోహణపర్వంలో ఇంద్రుని మాట.

భేదం ఎక్కడున్నది? భారం ఎవరి మీద పడినదో చూస్తే తెలుస్తుంది. ధర్మరాజు మాటలో సత్యం యొక్క ఆకారం తనకు మిగిలింది, దాని వలన కలిగిన మరణం గురువుకు ప్రాప్తించింది. వినేవాడు మోసపోవాలన్నదే ఆ మాట ప్రయోజనం. తక్కిన కథలలో నిర్ణయించినవాడే దాని బరువును మోశాడు. లక్ష్మణుడు ప్రాణాలు విడిచాడు. శ్రీరాముడు బహిఃప్రాణమైన తమ్ముని విడిచాడు. ద్రౌపది అయిదుగురు కుమారులను పోగొట్టుకొని కూడా ప్రతీకారాన్ని విడిచింది. అర్జునుడు అన్నగారి పాదాలపై పడ్డాడు.

ఇక అంబరీషుడు? ఆయన నిర్ణయం నిర్దోషమైనది. అయినా దుర్వాసుడు ఆగ్రహించి జటను పెరికి కృత్యను సృష్టించాడు. రాజు 'నేను శాస్త్రప్రకారమే నడిచాను' అని వాదించలేదు, నిలిచిన చోటు నుండి కదలలేదు. సుదర్శనం కృత్యను దహించి మహర్షిని తరిమింది. బ్రహ్మ, రుద్రులు కాపాడలేమన్నారు. శ్రీహరి తాను భక్తపరాధీనుడనని చెప్పి అంబరీషుని వద్దకే వెళ్ళమన్నాడు. మహర్షి తిరిగి వచ్చేసరికి ఒక సంవత్సరం గడిచింది. ఆ సంవత్సరమంతా రాజు జలం మాత్రమే ఆహారంగా నిరీక్షిస్తూనే ఉన్నాడు. పారణ కోసం త్రాగిన నీరు వ్రతాన్ని కాపాడింది. ఆ తరువాతి ఏడాది ఉపవాసం అతిథిధర్మాన్ని కాపాడింది. చక్రాన్ని స్తుతించి మహర్షిని రక్షించి, ఆయనకు భోజనం పెట్టిన తరువాతనే రాజు భుజించాడు. ఆ ఏడాది నిరీక్షణ లేకుంటే జలపారణ ఉపాయంగానే మిగిలిపోయేది. ఆ నిరీక్షణ దానిని ధర్మంగా నిలబెట్టింది.

నేటి వాడుక, సాధకుని కర్తవ్యం

ఈ చరిత్ర మన వాడుకను సరిదిద్దుకోవడానికి ఉపకరించాలి. పని త్వరగా జరగడానికి లంచం ఇవ్వాలా వద్దా అన్నది ధర్మసంకటం కాదు. అక్కడ ఒకవైపు ధర్మం, మరొకవైపు సౌకర్యం. దానికి ఈ గొప్ప పేరు పెట్టుకొంటే తప్పు చేయడానికి ముందుగానే గౌరవం సంపాదించుకొన్నట్లవుతుంది. విదేశంలో స్థిరపడిన కుమారునికి ఇక్కడ వృద్ధులైన తల్లిదండ్రులు, అక్కడ చదువుకొంటున్న బిడ్డలు ఉన్నప్పుడు కలిగే వేదన నిజమైన ధర్మసంకటం. రెండు వైపులా ఋణమే ఉన్నది, రెండూ తీర్చవలసినవే.

అట్టి వేళ మన వాఙ్మయం నేర్పిన క్రమం ఇది. ముందుగా రెండు వైపులా ధర్మమే ఉన్నదా, ఒకవైపు ధర్మం వేషంలో స్వార్థం కూర్చున్నదా అని చూడాలి. తరువాత బలాబలాలు విచారించాలి. రూక్షత్వం లేని పెద్దలను అడగాలి. ఒకదానిని తెంచకుండా రెండింటినీ నిలిపే మార్గాన్ని వెదకాలి. ఉషస్తి వలె మినహాయింపు ఎక్కడ ఆగాలో తెలుసుకోవాలి. చివరగా, ఆ మార్గం వలన కలిగే కష్టం తన మీద పడుతున్నదా, ఎదుటివారి మీద పడుతున్నదా అని నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. ఈ చివరి ప్రశ్నకు వచ్చే సమాధానమే మనది అంబరీషుని మార్గమో కాదో తేలుస్తుంది.

గీతారంభంలో అర్జునుడు తన చిత్తం ధర్మవిషయంలో సమ్మోహం చెందినదని ఒప్పుకొని శిష్యుడై శరణు వేడాడు. స్వామి ఆ శరణాగతి తరువాతనే బోధకు ఉపక్రమించాడు. సంకటం ఇరుకైనది. 'నాకు తెలుసు' అన్న మూటను దించినవానికే అది దారి ఇస్తుంది.

శ్రీకృష్ణార్పణమస్తు.